పొడి అక్షరం

చిత్తూరు, గిరింపేట, సెల్‌ఫోన్ల కొట్టు మీది మేడ.
రాత్రి పదింటికి నా కంప్యూటర్లో
ఒక గొర్రెతోలు తెల్లారుతుంది.

ఏడువందల యేండ్లు దాటినాదంట.
స్కాట్లండంట.
నాకు లాటిను రాదు. రానక్కర్లేదన్నారు.
కనపడిన అక్షరం కనపడినట్టు కొట్టు,
చదవలేని చోట ప్రశ్న గుర్తు పెట్టు,
పంక్తికి రూపాయి పావలా.

రాజు పేరు పూర్తిగా రాయరు.
ఏ, పక్కన చుక్క. అంతే.
రేషన్ కార్డులో మా ఇంటిపేరు మాదిరి
ఒక పొడి అక్షరం.
తక్కిందంతా 'దేవుడి దయవల్ల రాజు' అని
ఖిజర్ చెప్పినాడు.
మా షిఫ్టులో అర్థాలు వెతుక్కునే పిచ్చి
వాడికొక్కడికే.

మూడో వారం ఒక రాత్రి
వాడు గట్టిగా చదివి చెప్తా ఉండాడు:
వాగు నుంచి నిలువురాయి దాకా,
రాయి నుంచి పాత దోవ వెంబడి,
అడవీ బయలూ, నీళ్ళూ బీళ్ళూ,
పిండిమరా చేపలమడుగూ సహా...
నా నోరు తనంతట తనే అందుకొనింది:
నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా
మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా
ఆచంద్రార్కము
సుఖాన అనుభవించుకోవలసినది.

కుర్చీతో సహా తిరిగినాడు ఖిజర్.
"యాడ నేర్చినావు మే, లాటిను?"

సబ్‌రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు షాపు పంచలో, మడత బల్ల మీద
మా నాయన దొరవేలు ముప్ఫై యేండ్లు రాసినాడు.
తూర్పు, మునెప్ప బావి.
పడమర, పుంగనూరు పోయే బండిబాట.
ఉత్తరం వంక.
దక్షిణం, ఇదివరకు మీకే అమ్మిన చేను.
బడి లేని రోజు నేను పక్కన కూచోని
స్టాంపు కాగితం గాలికి లేవకుండా
అరచెయ్యి ఆనించేదాన్ని.
ఎంతమంది గట్లో ఆయన చేతి మీదుగా దాటినాయి.
ఆయనకు ఒక్క సెంటు లేదు.

ఆ రాజూ తన చేత్తో రాయలేదు.
ఎవడో రాసినాడు.
సిరా పల్చబడుతూ పల్చబడుతూ పోయి
ఈక మళ్ళీ ముంచిన చోట నల్లగా లేస్తాది.
ఒకచోట తోలుకు చిల్లి ఉంది.
గొర్రె బతికినప్పుడు ఏ ఈగ కుట్టిందో.
రాసినోడు చిల్లిని తప్పించినాడు,
మాటను రెండుగా తుంచి
అటొక ముక్క, ఇటొక ముక్క,
వానాకాలం దర్గా సర్కిల్లో
గుంత తప్పించే ఆటోవాడి మాదిరి.
కింద సాక్షులు పదకొండుమంది.
బిషపు, ద్రాక్షసారాయి గది పెద్ద,
గుర్రాల అజమాయిషీ ఇంకెవరో.
రాసినోడి పేరు లేదు.

రాజు గాలివాన రాత్రి
గుర్రం మీద నుంచి పడి పోయినాడంట, సముద్రం ఒడ్డున.
పొరుగు రాజు మనుషులొచ్చి
ఆయన పెట్టెలు తెరిచి, లెక్క రాసి, తీసుకుపోయినారంట.
పెట్టెలు పోయినాయి.
లెక్క మిగిలింది.
ఈ వారం ఆ లెక్కే కొడతా ఉండాను:
ఒక సంచిలో నార్వే ఉత్తరాలు,
ఒక డబ్బీలో పెండ్లి ఒప్పందం,
ముద్ర ఊడిపోయిన చిన్న చుట్ట ఒకటి.
ఏదీ ఇప్పుడు లేదు.
లేనిదానికీ పంక్తికి రూపాయి పావలానే.

నాయన పోయినాక మడత బల్ల
పాత సామాన్లోడికి వేసేసినాం.
సొరుగులో సగం రాసిన దస్తావేజు.
తూర్పు ఉంది, పడమర ఉంది, దక్షిణం ఉంది.
ఉత్తరం ఖాళీ.
అడుగున మాత్రం ముందే రాసి పెట్టుకున్నాడు:
దిద్దుబాటు ఒకటి. వ్రాసినది, ఎం. దొరవేలు.
ఎక్కడ దిద్దాలో
ఆయనకు ముందే ఎట్ల తెలుసునో!

ప్రతి తోలుకూ చివర్న ఒక గడి ఉంటాది, లేఖరి అని.
తెలియకపోతే ఖాళీ వదలమన్నారు.
ఈ రాత్రి వదల్లేదు.
ప్రశ్న గుర్తు పెట్టినాను.
చదవలేకపోయినాను గానీ
మనిషి ఉన్నాడు, అని.

పొద్దున తిరిగొచ్చింది.
తప్పు ఒకటి. రూపాయి పావలా కోత.
కిందికి దిగితే నీవా మీద నుంచి చలిగాలి,
టీ కొట్టోడు పాలు పొంగిస్తా ఉండాడు.
దిద్దుబాటు ఒకటి, అనుకున్నాను,
మా నాయన చేతిరాతలో.